తుపాకి మర్యాద

చిత్తూరు బెల్లం మండీ వీధిలో తుపాకి ఉన్నవాడే పెద్దమనిషి అని చట్టమేమీ లేదు. చట్టం లేకుండా జరిగే పనులు మన దేశంలో చట్టం ఉన్న పనులకంటే సక్రమంగా జరుగుతాయి గనుక, ఆ వీధిలో పెద్దమనిషి ఎవరో తేల్చుకోవడానికి ఏనాడూ కోర్టుకు పోవలసిన అవసరం రాలేదు.

సంగతి ఇది. ఏటా వేసవిలో గంగమ్మ జాతర జరుగుతుంది. అమ్మవారు ఊరేగుతూ మండీ వీధి మలుపు తిరగ్గానే, ఒక వర్తకుడు ముందుకొచ్చి తుపాకిని ఆకాశానికెత్తి పేల్చాలి. దీన్ని తుపాకి మర్యాద అంటారు. పాళెగాళ్ల కాలం నుంచీ వస్తున్న ఆచారమని పెద్దలు చెప్తారు. పాళెగాళ్ల కాలంలో ఆ వీధే లేదు, అక్కడంతా చెరుకు తోట ఉండేదని కూడా ఆ పెద్దలే చెప్తారు. రెండూ ఒకే నోటి నుంచి వచ్చినవి కాబట్టి రెండూ నిజమే అయి ఉండాలి.

మర్యాద చేసినవాడికి తొలి హారతి, తొలి టెంకాయ చిప్ప, మెడలో వేపాకు దండ. ఇవి పైకి కనిపించే లాభాలు. అసలు లాభం జాతర ముగిశాక మొదలవుతుంది. రైతులు బెల్లం బండ్లు తోలుకొచ్చి ఏ మండీ ముందు ఎద్దుల్ని విప్పాలా అని ఆలోచించేటప్పుడు, అమ్మవారి ముందు నిలబడిన మనిషి తూకంలో మోసం చెయ్యడని వాళ్లకొక నమ్మకం. అమ్మవారి ముందు నిలబడ్డాక తూకంలో ఏం చేసినా చెల్లుతుందని ఆ నిలబడిన మనిషికి ఇంకొక నమ్మకం. ఈ రెండు నమ్మకాలూ సరిసమానంగా తూగినంతకాలం మండీ చల్లగా నడుస్తుంది.

రెండు తరాలుగా ఆ మర్యాద దొరస్వామి ఇంటిది. వీధిలో లైసెన్సు తుపాకి ఉన్నది ఆయనకే. తండ్రి సంపాదించిన తుపాకి. తండ్రి పోయిన ఏడాదే అదీ పేలడం మానేసింది. తర్వాత గొట్టంలో కందిరీగలు గూడు కట్టాయి. ప్రాణులకు హాని చేయడం పాపమని దొరస్వామి వాటిని కదిలించలేదు. జాతరలో ఆయన తుపాకి ఎత్తగానే, వెనక అరుగు చాటున ఒక మనిషి వేటు ముట్టిస్తాడు. మందు కూరిన ఇనప గొట్టం ఢామ్మంటుంది. వీధి చెవులు మూసుకుంటుంది. అమ్మవారు ముందుకు సాగుతుంది. అరుగు చాటున ఉన్నవాణ్ణి అందరూ చూస్తారు. చూశామని ఎవరూ చెప్పుకోరు. పక్కపక్కన వ్యాపారం చేసుకునేవాళ్లు ఒకరి గుట్టు ఒకరు కాపాడుకోకపోతే ఎలా?

మునిరత్నం మండీ సరిగ్గా దొరస్వామి మండీకి ఎదురుగా ఉంది. రెండు చోట్లా అదే బెల్లం, అవే తక్కెడలు, అదే తరుగు. బండ్లు మాత్రం అటే విప్పుతున్నారు. మునిరత్నం పుట్టుకతో వర్తకుడు. పెండ్లిని రాబడిగా, బంధువుల్ని తరుగుగా, దేవుణ్ణి దళారీగా లెక్కగట్టుకున్న మనిషి. నష్టం ఎక్కడొస్తున్నదో కనిపెట్టడానికి అతనికి ఎక్కువకాలం పట్టలేదు. తన దగ్గర అన్నీ ఉన్నాయి, తుపాకి లేదు.

పద్ధతి తెలిసినవాడు గనుక ముందు లైసెన్సుకే అర్జీ పెట్టుకున్నాడు. అధికారులు విచారణ జరిపి, అర్జీదారునికి శత్రువులెవరూ లేరనీ, అందువల్ల ప్రాణభయం లేదనీ, అందువల్ల ఆయుధం అక్కర్లేదనీ తేల్చి తిప్పి పంపారు. మునిరత్నానికి అన్నం సయించలేదు. ఇన్నేళ్లు మండీ నడిపి ఒక్క శత్రువునైనా సంపాదించలేదని సర్కారే ముద్ర వేసి చెప్పిందంటే వ్యాపారం ఎంత నాసిగా సాగినట్టు? ఈ ముద్ర సంగతి బజార్లో తెలిస్తే పరువేముంటుంది?

భార్య చంద్రకాంతమ్మ ఓదార్చింది. "దానికెందుకు కుమిలిపోతావు? నన్నొక మాట అడిగుంటే శత్రువు కింద నేనే సంతకం పెట్టిందును గదా" అంది.

ఆ తర్వాత వ్యాపారం పని మీద మదరాసు పోయినప్పుడు మూర్ మార్కెట్టులో, నడవని గడియారాలకూ ముక్కు పోయిన చెట్టియార్ బొమ్మలకూ మధ్యన, ఒక రైఫిలు అతని కంటబడింది. నాటకాల వాళ్లకు, సినిమాల్లో వెనక వరసలో నిలబడే సిపాయిలకు ఇచ్చే నకిలీ. అందులోనూ చవకరకం. గొట్టం సత్తు పోత. అచ్చు అతికిన గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా పాపిట తీసినట్టు కనిపిస్తుంది. పైన పూసిన నల్లరంగు పట్టుకున్నవాడి చేతికి అంటుతుంది. చెక్క మామిడి, దాని మీద పాకం ముదిరినట్టు జిగురుగా వార్నీసు. మీట నొక్కితే పసిబిడ్డల గిలక్కాయ చప్పుడు. అంగడివాడు ధర చెప్పడానికే సిగ్గుపడ్డాడు. మునిరత్నం ఆ సిగ్గును కూడా బేరంలో తగ్గించి, గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

"యోవ్, ఇది పేలతాదా?" అని అడిగింది చంద్రకాంతమ్మ.

"పేలదు."

"దీంతో కొడితే మనిషి పడతాడా?"

"కొడితే ఇదే ఇరుగుతాది."

"మరి దేనికి?"

"సూసేదానికి."

"సూసేదానికి నువ్వుండావు, సాలదా?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆమెకు బెల్లం వ్యాపారం తెలియదు. మంచి చెరుకు రసం నిదానంగా కాచి వార్చిన నల్లబెల్లం రుచికి రాజు. మండీలో దాని మొహం చూసే దిక్కులేదు. మందు చల్లి తెల్లగా తేల్చిన బెల్లం అచ్చు, పసుపు రాసిన పెండ్లికూతురు మొహంలాగా మెరిస్తే చాలు, వేలంలో దాని మీద పాట మీద పాట. జనం తినేది నోటితోనే అయినా కొనేది కంటితో. బెల్లానికి చెల్లిన న్యాయం తుపాకికి చెల్లకుండా పోతుందా అని మునిరత్నం ఆలోచన.

గుడియాత్తం నుంచి వచ్చి చిత్తూరులో స్థిరపడిన కుప్పుస్వామి అనే పాలిష్ పనివాడు ఉన్నాడు. దేవుళ్ల వాహనాలకు, పెండ్లి మంచాలకు, శవపేటికలకు మెరుగు పెడతాడు. పని గొప్పది. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రైఫిలును ఒక వేలితో పొడిచి చూసి, తాను మెరుగు పెట్టిన మంచం మీద కాపురం చేసినవాళ్లు పోయేటప్పుడు తన పెట్టెలోనే పోతామని పట్టుబడతారనీ, అటువంటి చేతికి ఈ బొమ్మనివ్వడం తనను చెప్పుతో కొట్టినట్టేననీ ఉపన్యసించాడు. ఆ అవమానాన్ని దిగమింగడానికి అతడడిగిన కూలి విని మునిరత్నం గుండె జారింది. చివరికి ఒప్పందం కుదిరింది. కుప్పుస్వామి నోటితో చెప్తాడు, మునిరత్నం చేత్తో చేస్తాడు. కూలి నోటికి మాత్రమే.

ఆ ఏడు వానాకాలమంతా మండీ వెనక గదిలో ఈ పని జరిగింది. కుప్పుస్వామి తమలపాకులు నములుతూ బస్తా మీద కూర్చునేవాడు. మునిరత్నం పంచె ఎగ్గట్టి నేల మీద కూర్చునేవాడు. ముందు చాకలి సోడా నీళ్లతో వార్నీసు ఊడగొట్టాలి. ఆకురాయితో గొట్టం మీది అతుకు గీతను రాకాలి. తర్వాత ముతక ఉప్పుకాగితం, ఆ తర్వాత నడిరకం, ఆ తర్వాత పిండిలాంటిది. చెక్కను తడిపితే నార పైకి లేస్తుంది. ఆరనిచ్చి మళ్లీ రుద్దాలి. మళ్లీ తడపాలి. "నార లేచేదాన్ని నువ్వు ఆపలేవు సామీ, అది లేచి లేచి దానికే ఇసుగు పుట్టల్ల" అనేవాడు కుప్పుస్వామి. తాంబూలంలో వేసుకునే కాచు నీళ్లలో కాచి పూస్తే మామిడి చెక్క ముసలి టేకు రంగు తిరిగింది. దాని మీద అవిసె నూనె, అరచెయ్యి వేడెక్కిందాకా రుద్దడం. నీడన ఆరబెట్టడం. మళ్లీ నూనె. గొట్టానికి సన్నగా నల్లరంగు వేసి, అది ఆరాక పెన్సిలు ముల్లు నూరిన పొడి గుడ్డతో రుద్దితే సత్తు కాస్తా ఉక్కు మొహం పెట్టింది. భుజానికి ఆనే మడమలో తొలిచి సీసం పోశారు, బరువు కోసం. మీట కింద తోలుముక్క దూర్చారు, గిలక చప్పుడు పోవడం కోసం. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశారు, వాసన కోసం.

అంతా అయిపోయింది, అద్దంలాగా మెరుస్తున్నది అని మునిరత్నం మురిసిపోతుంటే కుప్పుస్వామి ఆకు ఉమ్మి వచ్చి, చెయ్యి పట్టే చోటా, చెంప ఆనే చోటా, భుజానికి తగిలే అంచునా మళ్లీ ఉప్పుకాగితం పెట్టి అరగదియ్యమన్నాడు. మునిరత్నం లబలబలాడాడు.

"కొత్తగా మెరిస్తే బొమ్మ సామీ. పాతగా మెరిస్తే తుపాకి" అన్నాడు కుప్పుస్వామి.

మునిరత్నం అరగదీశాడు. ముగ్గురు తాతలు పట్టుకుని తిరిగినట్టు అయింది. అతని తాత జీవితంలో పట్టుకున్న ఆయుధం తాటిబెల్లం కొట్టే సుత్తి ఒక్కటే. అయినా గదిలో ఒంటరిగా ఆ అరుగుదల మీద చెయ్యి వేసినప్పుడు, అది తన వంశం అరుగుదలే అనిపించేది మునిరత్నానికి. గుమస్తాలు కేకేసినా పలకడం మానేశాడు. చేతిగుడ్డ తీసుకుని ఒక పూట రుద్దకపోతే ఏదో బాకీ ఉన్నట్టుండేది.

ఆయుధపూజ నాడు రైఫిలు మండీలో గద్దె వెనక గోడకెక్కింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. ఇది అసలుదా అని ఒక్కరూ అడగలేదు. ఏ దేశానిది అని అడిగారు. జర్మనీ అని ఒకరు, తెల్లదొర ఊరొదిలి పోయేటప్పుడు ఇచ్చిపోయిందని ఒకరు, వాళ్లే చెప్పుకున్నారు. మునిరత్నం ఒక్క అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రతివాణ్ణీ చూసి చిన్నగా నవ్వాడు. నవ్వు మీద అమ్మకం పన్ను లేదు.

ఆ గోడ కింద తూకం తగాదాలు తగ్గిపోయాయి. తక్కెడ ముల్లు వైపు చూడవలసిన రైతు రైఫిలు వైపు చూసేవాడు. పడమటి పల్లెల రైతులు కొందరు వచ్చి, అడవిపందులు వేరుశనగ చేలను తవ్వేస్తున్నాయి, ఒకసారి దయచెయ్యమని వేడుకున్నారు. మునిరత్నం గోడ వైపు చూసి, దాన్ని గోడ దించితే ఒక ప్రాణం తియ్యకుండా మళ్లీ ఎక్కదనీ, పంది ప్రాణంతో దాన్ని మైల పరచలేననీ చెప్పాడు. రైతులు దణ్ణం పెట్టి వెళ్లారు. పందులు ఆ ఏడు చేలన్నీ తినేశాయి. తమ పందులు అటువంటి తుపాకికి తగినవి కావని ఆ పల్లెలవాళ్లు నేటికీ వినయంగా చెప్పుకుంటారు.

వేసవిలో జాతర ముందు వర్తక సంఘం సమావేశమైంది. కార్యదర్శి లేచి గొంతు సవరించుకుని, తుప్పు పట్టిన తుపాకిని జగన్మాత ముందు ఎత్తడం ఆ తల్లికి చిరిగిన చీర పెట్టడంతో సమానమనీ, వీధిలో ఇంతటి ఆయుధం ఉండగా దాన్ని గోడకే వదిలెయ్యడం వర్తకలోకానికి తీరని కళంకమనీ ప్రసంగించాడు. దొరస్వామి లేచి, తన తుపాకికి లైసెన్సు ఉందని గుర్తు చేశాడు. అమ్మవారు లైసెన్సు అడగదని సభ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. ఆయన తన తుపాకి అసలుదని కూడా అన్నాడు. అసలుదైతే ఇట్లెందుకుంటుందని ఎవరో అడిగారు. ఆయన కూర్చున్నాడు.

ఆ జాతరలో మునిరత్నం రైఫిలు ఎత్తాడు. అరుగు చాటున ఎప్పటి మనిషే ఎప్పటి వేటే ముట్టించాడు. ఇంత గంభీరమైన శబ్దం ఈ వీధిలో పుట్టి ఎరగమని పెద్దలు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మర్నాటి నుంచి బండ్లు ఇటువైపు విప్పడం మొదలైంది.

ఇక్కడిదాకా లాభమే. లాభం కుదురుగా ఉన్నప్పుడే నష్టం చెప్పులు విడిచి లోపలికి వస్తుంది.

డెబ్బైతొమ్మిది చివర్లో ఎన్నికలు ప్రకటించారు. ఎన్నికలొస్తే ఆయుధాలన్నీ స్టేషనులో అప్పజెప్పాలి. దొరస్వామి తన తుపాకిని, కందిరీగలతో సహా, అందరికంటే ముందు అప్పజెప్పి, బజారులో ఇంకొక ఆయుధం లైసెన్సు లేకుండా ఉన్న సంగతిని ఒక బాధ్యతగల పౌరుడిగా అర్జీ రాసి ఇచ్చాడు. సబ్ ఇన్‌స్పెక్టర్ ధనంజయ వచ్చి గోడ మీది రైఫిలును దించి, మునిరత్నాన్ని వెంటబెట్టుకుని స్టేషనుకు నడిపించాడు. వీధి వీధంతా వెనకాల నడిచింది.

ఆ నాలుగు అడుగుల దారిలో మునిరత్నం లెక్క వేసుకున్నాడు. అసలుదంటే ఆయుధాల కేసు, జైలు, చెరుకు ఆడే కాలంలో మండీకి తాళం. నకిలీదంటే వీధి నవ్వు, బండ్లు మళ్లీ ఎదురు మండీకి, వచ్చే జాతరలో దొరస్వామి. రెండు వైపులా నష్టమే. కానీ నవ్వు ఒక్కసారి పోయే సరుకు, జైలు రోజూ పెరిగే వడ్డీ. స్టేషను మెట్టెక్కేలోగా నిజమే చెప్పాలని నిశ్చయించుకున్నాడు. అంత పెద్ద ఖర్చు అతడు జీవితంలో ఎప్పుడూ పెట్టలేదు.

"సార్, అది బొమ్మ. మూర్ మార్కెట్టులో కొన్న్యాను" అన్నాడు.

ధనంజయకు నవ్వొచ్చింది. పట్టుబడిన దొంగసారా నీళ్లనీ, పట్టుబడిన తుపాకి బొమ్మనీ వినడం తన ఉద్యోగంలో భాగమన్నాడు.

"బొమ్మకింత బరువేందయ్యా?"

"సీసం పోసినాం సార్."

"ఈ వాసన?"

"కుట్టుమిషను నూనె."

"ఈడ చెయ్యి పట్టే కాడ చూడు. ఇది యాభై ఏండ్ల అరుగుదల."

"మేమే అరగదీసినాం సార్, ఉప్పుకాగితం పెట్టి."

ధనంజయ కుర్చీలో వెనక్కి వాలాడు. పాతదాన్ని కొత్తదని అమ్మే వర్తకుణ్ణి తాను నమ్మగలననీ, కొత్తదాన్ని కష్టపడి పాతది చేసుకున్న వర్తకుణ్ణి మాత్రం ఏ కోర్టూ నమ్మదనీ చెప్పాడు. మునిరత్నం మీట నొక్కి చూడమని బతిమాలాడు. నొక్కి చూశారు. పేలలేదు. పేలకపోవడం రుజువు కాదన్నాడు ధనంజయ. పోల్చి చూడడానికి దొరస్వామి తుపాకిని తెప్పించి దాని మీటా నొక్కారు. రెండు కందిరీగలు బయటికి వచ్చాయి. లైసెన్సు ఉన్నదే పేలనప్పుడు, లేనిది పేలలేదని వదిలిపెడితే చట్టం ముందు అందరూ సమానమెలా అవుతారని ధనంజయ సూటిగా అడిగాడు.

సాక్ష్యానికి కుప్పుస్వామిని పిలిపించారు. ఇంకేముంది, బయటపడ్డాననుకున్నాడు మునిరత్నం. కుప్పుస్వామి నోట్లో ఆకు ఒక బుగ్గకు తోసి, రైఫిలును రెండు చేతులా ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. చుట్టూ వీధి జనమంతా చూస్తున్నారు. అంతమంది తన పనిని ఒకేసారి చూడడం అతనికి అదే మొదలు.

"నా చేతికి వచ్చినప్పుడు ఇది బొమ్మే సార్, కాదనను. నా చెయ్యి పడినాక ఏమైందో నేను చెప్పలేను. కట్టెకు మెరుగు పెట్టి ఇస్తే జనం దేవుడని పల్లకీ ఎక్కించినారు. నేను మెరుగు పెట్టినదాన్ని బొమ్మ అనేదానికి నాకు నోరు రాదు."

"కుప్పుస్వామీ, నీ కాళ్లు పట్టుకుంటాను. నా కొంప ముంచొద్దు" అన్నాడు మునిరత్నం.

"నీ కొంప ఒకటి సామీ. నా పేరు మూడు జిల్లాలు" అన్నాడు కుప్పుస్వామి, రైఫిలును బల్ల మీద మెల్లగా, అంచు తగలకుండా పెడుతూ.

అప్పుడు చంద్రకాంతమ్మ జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. వంట మధ్యలో లేచి వచ్చినట్టుంది, చేతిలో టెంకాయ కోరే ఇనుము. దాన్ని బల్ల మీద పెట్టి, ఇంత చదువుకున్నవాళ్లు ఇంతసేపు మాట్లాడే బదులు గీకి చూడరాదా అని అడిగింది. సాక్ష్యంగా పట్టుకున్న వస్తువును సర్కారు మనిషి గీకరాదనీ, సొంతదారు గీక్కుంటే తనకు అభ్యంతరం లేదనీ ధనంజయ ఆలోచించి చెప్పాడు.

ఇనుము మునిరత్నం చేతికొచ్చింది. అతని చెయ్యి ముందుకు పోలేదు.

"గీకు" అంది చంద్రకాంతమ్మ. "జైల్లో వాళ్లు దీన్ని నీ పక్కలో పడుకోబెట్టరు."

మునిరత్నం గీకాడు. మొదట పెన్సిలు పొడి రాలింది. తర్వాత నల్లరంగు పొరలు లేచాయి. ఒక వానాకాలం మొత్తం ముందు ముతకదీ, తర్వాత నడిరకందీ, తర్వాత పిండిలాంటిదీ పెట్టి సాధించిన నునుపు టెంకాయ కోరులాగా బల్ల మీద పడింది. సత్తు తెల్లగా పళ్లు చూపించింది. మడమ వైపు గీకితే కాచు రంగు కింద మామిడి చెక్క, నిన్న కోసినంత లేతగా. కుప్పుస్వామి మొహం తిప్పుకున్నాడు. ఆగమన్నా ఆగకుండా మునిరత్నం గీకుతూనే ఉంటే ధనంజయే చెయ్యి పట్టుకుని, చాలయ్యా, బొమ్మే, తీసుకుపో అన్నాడు.

చంకలో ఆ పుల్లను పెట్టుకుని మునిరత్నం తలవంచుకుని ఇంటికి నడిచాడు. వెనక నవ్వు వినిపిస్తుందని కాచుకున్నాడు. వినిపించలేదు. వీధి చాలా తీవ్రంగా ఆలోచిస్తున్నది.

తెల్లారి మండీ తలుపు తీస్తే ముందర నిన్నటికన్నా ఎక్కువ బండ్లున్నాయి. కారణం గుమస్తా చెప్పాడు. నిజమైన తుపాకిని ఎవడైనా నలుగురిలో అట్లా గీకుతాడా? గీకడు. మునిరత్నం గీకాడు. కాబట్టి గీకింది నిజమైంది కాదు. మరి ఇన్నాళ్లూ గోడ మీద వీధంతా చూసిన అసలుది? అది ఎక్కడో భద్రంగా ఉంది. పోలీసులు వస్తారని ముందే పసిగట్టి, దానికి అచ్చం సరిపోయే బొమ్మను చేయించి గోడకు తగిలించి, స్టేషన్లో వాళ్ల కళ్ల ముందే గీకి వచ్చాడంటే, మునిరత్నం సామాన్యుడా?

మధ్యాహ్నం దొరస్వామి వీధి దాటి వచ్చాడు. రెండు తరాల్లో ఆ ఇంటి మనిషి ఈ గడప తొక్కడం అదే మొదటిసారి. గద్దె మీద పక్కన కూర్చుని, అర్జీ పెట్టింది తానేనని, పొరపాటైపోయిందని ఒప్పుకున్నాడు. తర్వాత దగ్గరికి జరిగాడు.

"యాడ దాచినావప్పా అసలుది? నాకొక్కనికే చెప్పు. మా నాయన మీద ఒట్టు, ఎవురికీ చెప్పను."

"లేదప్పా. నిజంగా లేదు. నేను గీకింది నువ్వూ సూస్తివి గదా" అన్నాడు మునిరత్నం.

దొరస్వామి అతని వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు తప్ప ఇంకేమీ లేదు.

"అదీ. అట్లా చెప్పల్ల. నాకు కూడా చెప్పకూడదు" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

మునిరత్నం ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నిజం చెప్తూనే తిరిగాడు. చెప్పినకొద్దీ తుపాకి పెద్దదవుతున్నది. గిరాకీ లేని సరుకును ఎన్నాళ్లని మోసుకు తిరుగుతాడు ఏ వర్తకుడైనా? చివరికి నిజాన్ని మూటగట్టి అటక మీద పడేసి, మళ్లీ చిన్నగా నవ్వడం మొదలుపెట్టాడు.

మాట పై అధికారుల దాకా పోయింది. ఇల్లూ మండీ సోదా చేశారు. బెల్లం బస్తాల్లో చువ్వలు దించి చూశారు. ఏమీ దొరకలేదు. అంత గట్టిగా దాచినవాడు సామాన్యుడు కాడని సోదా చేసినవాళ్లే రాశారు. లైసెన్సు లేని ఆయుధం ఒకటి పట్టణంలో ఉందని అందరికీ తెలిసి ఉండి శాఖ ఊరుకోవడం శాఖకే చిన్నతనం. తుపాకిని పట్టుకోవాలి, లేదా దానికి లైసెన్సు ఇవ్వాలి. పట్టుకోవడం సాధ్యం కాదని సోదాలో తేలింది. పైగా అర్జీదారునికి ఇప్పుడు శత్రువు ఉన్నాడనడానికి దొరస్వామి అర్జీయే ఆధారంగా కనిపిస్తున్నది. ఎండలు ముదిరే లోపల మునిరత్నం చేతికి లైసెన్సు వచ్చింది.

గీకిన పుల్లను చంద్రకాంతమ్మ మిద్దె మీద వడియాలకు కాపలా పెట్టింది. కాకులు వచ్చి దాని మీదే వాలేవి. వాటికి వర్తక సంఘం లేదు.

ఆ ఏడు జాతరకు, అంత విలువైన ఆయుధాన్ని గుంపులోకి తేవడం క్షేమం కాదని సంఘం తీర్మానించింది. మునిరత్నం ఉత్త చేతులు ఆకాశానికెత్తాడు. వేటు ఢామ్మంది. ముందు వరసలో ఉన్నవాళ్లకు గొట్టం మెరుపు కళ్లలో పడి కాసేపు ఏమీ కనిపించలేదట.

ఎనభైమూడులో ఎన్నికలొచ్చాయి, ఎనభైనాలుగులో వచ్చాయి, ఎనభైఅయిదులో మళ్లీ వచ్చాయి. లైసెన్సుదారుడు గనుక మునిరత్నం ప్రతిసారీ చట్టప్రకారం స్టేషనుకు పోయి తన తుపాకిని అప్పజెప్పి, రసీదు తీసుకుని, ఎన్నికలు ముగిశాక పోయి విడిపించుకుని వస్తున్నాడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చేతులు ఖాళీగానే ఉంటాయి. జిల్లాలో ఇంత శుభ్రంగా ఉంచుకున్న ఆయుధం ఇంకొకటి లేదని స్టేషను వాళ్లు ప్రతిసారీ మెచ్చుకుంటారు.

ఎనభైఅయిదులో విడిపించుకునేటప్పుడు మాత్రం కొత్తగా వచ్చిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన, మడమ దగ్గర సన్నగా గీత పడినట్టుంది, చూసుకోండి శెట్టిగారూ, తర్వాత మమ్మల్ని అనొద్దు అన్నాడు. మునిరత్నం వంగి, పరీక్షగా చూశాడు. మొహం వాడిపోయింది. నేరుగా మండీకి వచ్చి, ఆ పూటే కుప్పుస్వామికి కబురు పెట్టాడు.

గీత పడిన మాట నిజమేనని బజార్లో నలుగురూ అంటున్నారు.